సగం లేచిన పుంజు

ఇంగ్లీషు మీడియంలో చదివిన మనందరం ఇడియమ్స్ లిస్టులు బట్టీ పట్టినవాళ్లమే. ఆ లిస్టులో మూడు ఇడియమ్స్ ఒకే వస్తువు నుంచి పుట్టాయి. సమస్తం అనడానికి 'లాక్, స్టాక్ అండ్ బ్యారెల్'. ఆర్భాటంగా మొదలై తుస్సుమన్న దానికి 'ఫ్లాష్ ఇన్ ద పాన్'. సిద్ధం కాకుండానే ఎగిరిపడేవాడికి 'గోయింగ్ ఆఫ్ హాఫ్ కాక్డ్'. ఆ వస్తువు పాతకాలపు తుపాకి, అంటే గొట్టం మూతిలోంచి మందూ గుండూ దట్టించి కాల్చే తుపాకి. మూడో ఇడియమ్ వెనక ఉన్నది గోరంత ఇనప గాడి. రెండు వందల ఏళ్లకు పైగా ఎంతోమంది సిపాయిల వేళ్లూ ముఖాలూ ఆ గాడి పుణ్యాన మిగిలాయి. అది విరిగిన చోట మిగల్లేదు. ఈ నెల నా వ్యాసం దాని గురించే. సీఎస్‌ఈ వాడికి తుపాకుల గోల ఎందుకని అడిగేవాళ్లు చివరిదాకా ఓపిక పట్టండి, మన సిలబస్‌లో ఉన్నవి రెండు మూడు ఇందులో కనిపిస్తాయి.

ముందు పార్టులు చూద్దాం, ఎక్కువేం లేవు. తుపాకి విషయంలో లాక్ అంటే తాళం కాదు. గొట్టం పక్కన బిగించిన, నిప్పు పుట్టించే యంత్రం మొత్తాన్నీ లాక్ అంటారు. అందులో నిప్పు పుట్టేది చెకుముకిరాయితో. ఆ రాయిని రెండు దవడల మధ్య బిగించి పట్టుకునే ముక్కని ఇంగ్లీషువాళ్లు కాక్ అన్నారు, అంటే కోడిపుంజు. మెడ వంచి పొడవబోతున్నట్టే ఉంటుంది మరి. జర్మన్ వాళ్లకీ అది పుంజే. ఫ్రెంచివాళ్లకి కుక్కలా కనిపించింది, హిందీ వాళ్లకి గుర్రంలా కనిపించి ఘోడా అయింది. సంక్రాంతి పందేలు చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి నేను పుంజు అనే అంటాను. మన పుంజుకి కత్తి కాలికి కడతారు, ఈ పుంజుకి రాయి నోట్లో పెట్టారు, అంతే తేడా.

పుంజుకి ఎదురుగా నిలువుగా ఒక ఉక్కు పలక ఉంటుంది, దాని పేరు ఫ్రిజెన్. దాని పాదం దగ్గర చిన్న గిన్నె, అదే ఇడియమ్‌లో ఉన్న 'పాన్'. ఆ గిన్నెలో చిటికెడు మెత్తటి మందు పోస్తారు. గిన్నె పక్కనే గొట్టంలోకి వెళ్లే సన్నటి రంధ్రం ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే పుంజు ముందుకి దూకుతుంది, రాయి ఉక్కుని గీరుతుంది, రవ్వలు గిన్నెలో పడతాయి, గిన్నెలో మంట లేస్తుంది, ఆ మంట రంధ్రంలోంచి లోపలికి పాకి అసలు మందుని అంటిస్తుంది. గిన్నెలో భగ్గుమని గొట్టం మాత్రం పేలకపోతే అదే 'ఫ్లాష్ ఇన్ ద పాన్'.

ఇదంతా పైకి కనిపించేది. అసలు సంగతి లాక్ ప్లేటు వెనక, చెక్కలో దాక్కుని ఉంటుంది. పుంజు ఇరుసుకి లోపలివైపు టంబ్లర్ అనే గుండ్రటి ముక్క బిగించి ఉంటుంది. పుంజు ఎంత తిరిగితే టంబ్లర్ అంత తిరుగుతుంది. బలమైన మెయిన్ స్ప్రింగ్ ఎప్పుడూ దాన్ని తిప్పి పుంజుని ముందుకి తోసేయాలని చూస్తూ ఉంటుంది. దాన్ని ఆపేది సియర్ అనే చిన్న మీట. సియర్ ముక్కు టంబ్లర్ అంచున ఉన్న గాడిలో దిగి, కదలకుండా పట్టుకుంటుంది. ట్రిగ్గర్ చేసే పనల్లా సియర్ తోకని పైకెత్తడం, అప్పుడు దాని ముక్కు గాడిలోంచి బయటికి జారుతుంది.

టంబ్లర్ మీద గాడులు రెండు. పుంజుని పూర్తిగా వెనక్కి లాగినప్పుడు ముక్కు దిగే గాడి లోతు తక్కువ. వేలు కాస్త నొక్కితే చాలు, జారిపోవాలి కాబట్టి అలా చేశారు. ఇది ఫుల్ కాక్. పుంజుని సగమే లాగినప్పుడు దిగే రెండో గాడి మాత్రం లోతుగా, లోపలికి వంపు తిరిగి ఉంటుంది. సియర్ ముక్కు అందులో పడిందంటే గాడి పెదవి దాన్ని కప్పేస్తుంది. స్ప్రింగ్ ఎంత తోస్తే అంత గట్టిగా ఇరుక్కుంటుంది. ట్రిగ్గర్ ఎంత లాగినా ముక్కు బయటికి రాదు. ఇది హాఫ్ కాక్. బయటికి తీయాలంటే దారి ఒక్కటే, బొటనవేలితో పుంజుని ఇంకాస్త వెనక్కి లాగాలి. మన భాషలో చెప్పాలంటే మూడు స్టేట్లున్న చిన్న స్టేట్ మెషిన్ ఇది. సగం నుంచి నేరుగా కిందికి దారి లేదు, పైకి వెళ్లే రావాలి.

ఈ సగం స్టేటు అసలెందుకు? అక్కర్లేనప్పుడు పుంజుని కిందికి దించేసి ఉంచుకోవచ్చు కదా అనిపిస్తుంది. ఇక్కడే డిజైన్‌లో అసలు మెలిక ఉంది.

చెకుముకి తుపాకుల్లో ముందు తరానికి చెందిన స్నాఫాన్స్ అనే రకంలో ఉక్కు పలక వేరు, గిన్నె మూత వేరు. గిన్నెలో మందు పోసి మూత వేసుకుని, ఉక్కు పలకని మాత్రం ముందుకి వాల్చేసేవారు. అప్పుడు పుంజు పొరపాటున దూకినా దాని ముందు గీరడానికి ఏమీ ఉండదు. రాయి గాల్లో ఊగుతుంది, అంతే. గాడులూ అక్కర్లేదు, కొక్కేలూ అక్కర్లేదు. ఆ తర్వాత ఎవరికో తెలివైన ఆలోచన వచ్చింది: రెండు ముక్కలెందుకు, పలకనీ మూతనీ కలిపి ఒకే ముక్కగా చేస్తే పోలేదా? అడ్డంగా ఉన్న భాగం గిన్నె మీద మూత, నిలువుగా ఉన్న భాగం పుంజు గీరే పలక. పుంజు కొట్టిన దెబ్బకి పలక వెనక్కి వాలుతుంది, దాంతోపాటు మూత దానంతటదే తెరుచుకుంటుంది. పార్టులు తగ్గాయి, ఖర్చు తగ్గింది, వానలో మందు తడవడం కూడా తగ్గింది. కానీ ఒక రక్షణ పోయింది. ఇప్పుడు గిన్నె మూసి ఉందంటే పలక నిలబడి ఉందన్నమాటే, దెబ్బకి సిద్ధంగా ఉందన్నమాటే. పైగా పుంజు కింద ఉంటే మూత మూయడమే కుదరదు, దాని ముక్కు అడ్డం వస్తుంది. అందుకే మందు పోసిన తుపాకిని మోసుకు తిరగాలంటే పుంజుని ఎక్కడో ఒకచోట గాల్లో నిలబెట్టి తీరాలి.

ఎలా నిలబెట్టాలి? 1600లలో ఇంగ్లండులో దొరికిన జవాబు నాకు బాగా నచ్చింది. దాన్ని డాగ్ లాక్ అంటారు. ఈసారి నిజంగానే కుక్క. లాక్ ప్లేటు మీద, పుంజు వెనకాల, బయటికి కనిపించేలా ఒక కొక్కెం ఉంటుంది. పుంజుని సగం లేపి, దాని వీపు మీద ఉన్న గంటులో కొక్కేన్ని తగిలిస్తారు. మన పాత ఇళ్లలో తలుపుకి గొళ్లెం పెట్టినట్టే. పూర్తిగా వెనక్కి లాగితే కొక్కెం వదులై తప్పుకుంటుంది. చూడటానికి మోటుగా ఉంటుంది కానీ ఇందులో రెండు సుగుణాలున్నాయి. గొళ్లెం పడిందో లేదో కంటికి కనిపిస్తుంది. లోపల సియర్‌కీ దీనికీ సంబంధం లేదు, కాబట్టి సియర్ అరిగిపోయినా, ముక్కు విరిగినా, కొక్కెం తన పని తను చేస్తుంది.

ఫ్రాన్సులో జవాబు వేరు. ఇందాక వర్ణించిన రెండు గాడుల టంబ్లర్ అక్కడిదే. 1600ల మొదట్లో నార్మండీ ప్రాంతంలోని లిజియూ ఊరికి చెందిన మారిన్ ల బూర్జువా అనే కళాకారుడు దీన్ని రూపొందించాడని సాధారణంగా చెప్తారు. గొళ్లెం మాయమైంది, దాని పని టంబ్లర్ లోపలికి వెళ్లిపోయింది. చక్కని డిజైన్, అందులో సందేహం లేదు. తర్వాత వచ్చిన చెకుముకి తుపాకుల్లో ఎక్కువ భాగం ఈ పద్ధతినే పట్టుకున్నాయి, ఇంగ్లండు కూడా తన కొక్కేన్ని నెమ్మదిగా వదులుకుంది. కానీ లెక్క చూడండి. పుంజుని ఫుల్ కాక్‌లో ఆపేది సియర్ ముక్కే, హాఫ్ కాక్‌లో ఆపేదీ అదే సియర్ ముక్కు. కాపలావాడూ వాడే, కాపలా కాసే వస్తువూ వాడే. మన ప్రొఫెసర్లు సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటారే, దానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు టెక్స్ట్‌బుక్కుల్లో కనిపించలేదు.

ఇది ఎలా పాడవుతుందో కూడా చెప్పాలి. హాఫ్ కాక్‌లో ఉన్న తుపాకి ట్రిగ్గర్‌ని ఎవరైనా బలంగా గుంజితే ముక్కు బయటికి రాదు కానీ, దాని సన్నటి కొస మీద భారం పడి చిట్లవచ్చు. ఇనుముని సరిగ్గా పదును పట్టకపోతే కొస అరుగుతుంది. మరీ పెళుసుగా పట్టినా విరుగుతుంది. మసీ, గట్టిపడిన నూనె గాడిలో పేరుకుంటే ముక్కు పూర్తిగా దిగదు. బయటి నుంచి చూసేవాడికి మాత్రం పుంజు సగం లేచి బుద్ధిగా నిలబడినట్టే ఉంటుంది. డాగ్ లాక్‌లో గొళ్లెం కనిపించేది, ఇక్కడ ఏదీ కనిపించదు. లోపల గోరంత ఇనుము సరిగ్గా ఉందని నమ్మాలి, అంతే.

ఆ నమ్మకం ఎంత పెద్దదో తెలియాలంటే దట్టించే వరుస చూడాలి. బ్రిటిష్ సైన్యం 1764 నాటి డ్రిల్‌లో, కాల్చిన వెంటనే వచ్చే ఆజ్ఞ పుంజుని హాఫ్ కాక్‌కి తెమ్మని. తర్వాత సిపాయి తోలుసంచిలోంచి కాగితపు తూటా తీసి, కొస పంటితో కొరికి, ముందుగా గిన్నెలో చిటికెడు మందు పోస్తాడు. గిన్నె మూస్తాడు. ఆ తర్వాతే తుపాకిని తిప్పి నిలబెట్టి, మిగతా మందూ గుండూ కాగితమూ గొట్టంలో వేసి, ఇనప కడ్డీతో దట్టిస్తాడు. ఇంకోసారి చదవండి. గిన్నెలో మందు ముందు, గొట్టంలో మందు తర్వాత! అంటే గొట్టంలోకి మందు పడిన క్షణం నుంచీ ఆ తుపాకి పేలడానికి పూర్తిగా సిద్ధం. అప్పుడు మూతి ఎక్కడుంది? సిపాయి ఛాతీ దగ్గర, ముఖం దగ్గర. చెయ్యి ఎక్కడుంది? మూతి మీదే, కడ్డీ పట్టుకుని. మధ్యలో అడ్డు ఉన్నది హాఫ్ కాక్ గాడి ఒక్కటే.

ఈ వరుస ఎందుకు పెట్టారంటే వేగం కోసం. తూటా ఒకటే, చేతిలోకి ఒక్కసారే వస్తుంది, దాన్నే గిన్నెకీ గొట్టానికీ పంచాలి. చిటికెడు గిన్నెలో పోసి మూత వేసేస్తే, మిగిలిందంతా కొలత చూసుకునే పని లేకుండా గొట్టంలో కుమ్మరించవచ్చు. శత్రువు ఎదురుగా ఉన్నప్పుడు ఆ కొద్ది క్షణాలు విలువైనవే. సైన్యం ఆ క్షణాలని ఎంచుకుంది, రిస్కుని సియర్ ముక్కు మీద పెట్టింది.

ఈ తుపాకులకీ మనకీ నిజమైన చుట్టరికం ఉంది. ఈస్టిండియా కంపెనీ తన సైన్యాల కోసం చేయించుకున్న, 39 అంగుళాల గొట్టం ఉన్న తుపాకి పేరే ఇండియా పాటర్న్. గొట్టం లోపలి వ్యాసం ముప్పావు అంగుళం. 1790లలో ఫ్రాన్సుతో యుద్ధం ముదిరి తుపాకులు చాలక, బ్రిటిష్ సైన్యం కూడా ఈ చవక రకాన్నే తీసుకుంది. కంపెనీ తొలినాళ్ల సిపాయిల్లో కోరమాండల్ తీరం వాళ్లు చాలామంది. ఉత్తరాదిలో కంపెనీ సిపాయిని చాలాకాలం 'తిలంగా' అని పిలిచారు, ఆ మాట మన తెలుగు దేశం పేరు నుంచి వచ్చిందే. కాబట్టి ఆ వరుసలో నిలబడి, మూతి మీద చెయ్యి పెట్టి కడ్డీ దించినవాళ్లలో మన పూర్వీకులూ ఉన్నారు. కంపెనీకి ఎదురు నిలిచినవాళ్లలో చాలామంది చేతుల్లో అప్పటికింకా ఒత్తి తుపాకులే. అందులో సేఫ్టీ గొడవే వేరు. కాలుతున్న ఒత్తిని గిన్నెకి దూరంగా ఉంచుకోవడం, మూత మూసి ఉంచుకోవడం, అంతే. ఒంటి నిండా మందు మోస్తూ చేతిలో నిప్పు పట్టుకు తిరగడం ఎంత హాయో మీరే ఊహించుకోండి.

మళ్లీ పుంజు దగ్గరికి వద్దాం. గాడి ఒక్కటే చాలదని తుపాకులు చేసేవాళ్లకి బాగానే తెలుసు. డబ్బున్న కస్టమర్ల కోసం, పిస్తోళ్లకీ, గుర్రబ్బళ్ల కాపలాకి వాడే వెడల్పు మూతి తుపాకులకీ, పుంజు వెనకాల జారే గడియ పెట్టారు. పుంజు సగం లేచినప్పుడు గడియని ముందుకి తోస్తే దాని వీపులో దిగుతుంది. చూశారా, పాత డాగ్ లాక్ కొక్కెం సూటూ బూటూ వేసుకుని తిరిగొచ్చింది! జేబు పిస్తోళ్లలో ఇంకో ముచ్చట. ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీనే ముందుకి జరిపితే అది పుంజుని బంధిస్తుంది, ఒక మేకు వెళ్లి ఫ్రిజెన్‌ని కూడా కదలకుండా పట్టుకుంటుంది. గిన్నె తెరుచుకోదు, మందు రాలదు, కోటు జేబులో పేలదు. మామూలు సిపాయి ఇండియా పాటర్న్‌కి మాత్రం ఈ గడియలేవీ లేవు. లక్షల్లో తయారయ్యే వస్తువుకి ఒక్కో స్క్రూ ఖర్చే.

సిపాయికి దొరికింది తోలుముక్క. ఫ్రిజెన్ ముఖానికి తొడిగే చిన్న తోలు తొడుగు. పుంజు దూకినా రాయి తోలుని గీరుతుంది, రవ్వ రాదు. నన్నడిగితే ఈ కథ మొత్తంలో పైసాకి పైసా విలువైన సేఫ్టీ ఇదే. గడియ కూడా ఇనుమే, అదీ విరగొచ్చు. తోలులోంచి మాత్రం నిప్పు పుట్టదు. స్నాఫాన్స్ రోజుల్లో పోగొట్టుకున్న రక్షణని చెప్పులు కుట్టే సరుకుతో తిరిగి తెచ్చుకున్నట్టయింది. కాకపోతే కాల్చే ముందు తీయాలి, దట్టించే హడావిడిలో అది ఎటూ పక్కనే వేలాడుతుంది. అంటే అసలు ప్రమాదం ఉన్న ఆ అరనిమిషంలో పనికిరాదు.

ఆ అరనిమిషాన్ని నేరుగా పట్టించుకున్నవాడు లండన్‌లో ఖరీదైన వేట తుపాకులు చేసిన జోసెఫ్ మాంటన్. జంట గొట్టాల తుపాకితో వేటాడేవాడు ఒక గొట్టం కాల్చేసి, రెండోది ఫుల్ కాక్‌లో ఉందన్న సంగతి మర్చిపోయి, మొదటి గొట్టం దట్టించడానికి తుపాకిని నిలబెట్టి మూతి మీదకి వంగుతాడు. మాంటన్ లాక్‌కి ఒక చిన్న బరువు మీట తగిలించాడు. తుపాకిని నిటారుగా నిలబెడితే భూమి ఆకర్షణకి ఆ బరువు వాలి పుంజుకి అడ్డం పడుతుంది. పడుకోబెట్టి గురి చూస్తే తప్పుకుంటుంది. మన ఫోన్‌ని తిప్పితే స్క్రీన్ తిరుగుతుంది కదా, ఆ ఆలోచనే, చిప్పూ కరెంటూ లేకుండా. యూజర్ ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, నొక్కాల్సిన బటన్ లేదు. దట్టించాలంటే తుపాకిని నిలబెట్టక తప్పదు, నిలబెడితే సేఫ్టీ పడక తప్పదు.

ఇంకో సంగతి చెప్పకపోతే కోడింగ్ చేసే మనవాళ్లకి అన్యాయం చేసినట్టే. అమెరికాలో పెన్సిల్వేనియా వైపు వేటగాళ్ల పొడుగు రైఫిళ్లలో సెట్ ట్రిగ్గర్ అనే ఏర్పాటు వచ్చింది. మొదటి ట్రిగ్గర్ లోపలి స్ప్రింగ్‌ని సిద్ధం చేస్తుంది, రెండోదాన్ని ఈకతో తాకినట్టు తాకితే చాలు, ఆ స్ప్రింగ్ సియర్‌ని టక్కున ఒక దెబ్బ కొడుతుంది. గురి చెదరదు. మామూలు ట్రిగ్గర్‌లో అయితే వేలు నొక్కి పట్టుకునే ఉంటుంది కాబట్టి పుంజు దిగే దాకా సియర్ ఎత్తే ఉంటుంది. ఇక్కడ దెబ్బ తగిలి సియర్ వెంటనే మళ్లీ కిందికి పడుతుంది. ఈలోగా టంబ్లర్ తిరుగుతూ తిరుగుతూ హాఫ్ కాక్ గాడిని సరిగ్గా దాని ముక్కు కిందికి తెస్తుంది. ముక్కు అందులో ఇరుక్కుంటుంది. పుంజు సగంలో ఆగిపోతుంది, కొస విరిగినా విరుగుతుంది. కంచే చేను మేసినట్టు, సేఫ్టీ గాడే తుపాకిని పాడు చేస్తుంది. అచ్చమైన రేస్ కండిషన్! దీనికి విరుగుడుగా టంబ్లర్‌లో ఫ్లై అనే బుల్లి రేకుని ఇరుసు మీద ఊగేలా పెట్టారు. పుంజు ముందుకి దూకేటప్పుడు అది గాడి నోటిని కప్పి, సియర్ ముక్కుని దాని మీదుగా జారుస్తుంది. పుంజుని వెనక్కి లాగేటప్పుడు పక్కకి తప్పుకుని గాడిని తెరిచి ఉంచుతుంది. ఒకే గాడి, ఒక దిక్కుకి ఉంది, ఇంకో దిక్కుకి లేదు. దీన్ని చేసినవాడెవడో తెలిస్తే హ్యాకథాన్‌లో టీంలో పెట్టుకునేవాణ్ణి.

1807లో స్కాట్లండుకి చెందిన అలెగ్జాండర్ ఫోర్సైత్ అనే చర్చి పాస్టరు, దెబ్బ తగిలితే పేలే రసాయనంతో తుపాకి కాల్చే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. కొన్నేళ్లకి అది చిన్న రాగి టోపీ రూపంలో స్థిరపడింది, రాయీ ఫ్రిజెన్ గిన్నె అన్నీ పోయాయి. పుంజు కాస్తా సుత్తి అయింది. సుత్తి టోపీ మీద ఆని ఉంటే దాని వీపు మీద తగిలిన ఏ దెబ్బకైనా పేలుతుంది. అందుకని మళ్లీ హాఫ్ కాక్ గాడే దిక్కయింది, అదే సియర్, అదే ముక్కు. కానీ ఈ రాగి టోపీతో ఎవరూ పెద్దగా చెప్పుకోని మార్పు ఒకటి వచ్చింది. టోపీ తూటాలో భాగం కాదు, వేరే సంచిలో ఉంటుంది. దాన్ని ముందే పెట్టాల్సిన అవసరం పోయింది. 1855లో అమెరికా సైన్యానికి విలియం హార్డీ రాసిన డ్రిల్ పుస్తకంలో దట్టించడానికి తొమ్మిది అంచెలున్నాయి. మందు పోయడం, గుండు దట్టించడం, కడ్డీ తీసి దాని చోట పెట్టేయడం అన్నీ అయ్యాక, ఎనిమిదో అంచెలో టోపీ పెడతారు. అప్పటికి సిపాయి ముఖమూ చెయ్యీ మూతి నుంచి తప్పుకున్నాయి. సియర్ ముక్కు విరిగినా ఆ వేళ్లు పోవు. గాడి లోతు పెంచి, గడియలు పెట్టి సాధించలేనిది, రెండు పనుల వరుస మారిస్తే వచ్చింది. ఇప్పటికీ సరదాకి, పోటీలకి ఈ పాత తుపాకులు కాల్చే క్లబ్బుల్లో రూలు ఇదే: చెకుముకి తుపాకి అయినా సరే, గిన్నెలో మందు పోసేది అన్నిటికన్నా చివర, కాల్చే గీత దగ్గర నిలబడి, మూతి లక్ష్యం వైపు తిప్పాకే. హాఫ్ కాక్‌ని నమ్మొద్దని వాళ్లు కొత్తవాళ్లకి మొదటిరోజే చెప్తారు.

హైదరాబాదులో ఉండేవాళ్లు ఈసారి సాలార్‌జంగ్ మ్యూజియం వెళ్తే ఆయుధాల గది దగ్గర సెల్ఫీ తీసుకుని వచ్చేయకండి. చెకుముకి తుపాకి కనిపిస్తే అద్దంలోంచి లాక్ వైపు చూడండి. పుంజు వెనకాల గడియ గానీ కొక్కెం గానీ ఉందా, ఫ్రిజెన్ మూసి ఉందా తెరిచి ఉందా, పుంజు కిందికి వాలి ఉందా సగం లేచి ఉందా. సగం లేచి ఉంటే, ప్లేటు వెనక ఆ ముక్కు ఇప్పటికీ గాడిలోనే ఉందన్నమాట.